ఎర్రమూత ట్యూబులో మా అత్త షుగర్

విజయవాడలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి, ల్యాబ్ టెక్నాలజిస్టు ఉద్యోగం ఇచ్చే ముందు నా కాగితాలన్నీ తిరగేసి మరగేసి చూసింది. ఎం.ఎల్.టి. డిగ్రీ, మార్కుల జాబితాలు, బోర్డు రిజిస్ట్రేషన్, పాత ఆసుపత్రి ఇచ్చిన అనుభవం ఉత్తరం. ఒకదాని మీద ముద్ర మసకగా ఉందని మళ్లీ తెమ్మంటే తెచ్చాను. మనుషుల రక్తంతో పని కదా, అడగాల్సిందే అనుకున్నాను. అదే ఆసుపత్రి పామర్రులో రక్తం సేకరించే కేంద్రం తెరిచినప్పుడు అక్కడ పెట్టుకున్న మనిషిని అడిగింది ఒక్కటే, సూది గుచ్చడం వచ్చా అని. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒంట్లోంచి తీశాక కూడా రక్తంలో కణాలు కొన్ని గంటలు బతికే ఉంటాయి. ట్యూబులో ఉన్న చక్కెరను తింటూనే ఉంటాయి. అందుకే షుగర్ పరీక్షకు బూడిదరంగు మూత ట్యూబు వాడతాం. ఆ తిండిని ఆపే మందు అందులో ఉంటుంది, ఎర్రమూత ట్యూబులో ఉండదు. ఎర్రమూతలో పోసి ఎండలో గంటల తరబడి ఉంచితే షుగర్ ఉన్నవాళ్లకు కూడా రిపోర్టు చక్కగా నార్మల్ వచ్చెయ్యొచ్చు. ఇది మాకు మొదటి సంవత్సరం పాఠం.

పామర్రు శాంపిళ్లు మధ్యాహ్నం దాటాక బస్సులో వచ్చేవి. అన్నీ ఎర్రమూతలే. రక్తం తీసిన టైము రాయాల్సిన గడి ఖాళీగా ఉండేది. మేనేజరుకు రెండుసార్లు చెప్పాను.

"చూద్దాం మేడమ్, ముందు రిపోర్టులు ఇచ్చేయండి. పేషంట్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు" అన్నాడు.

శాంపిల్ సరిగా లేకపోతే తిప్పి పంపడం నా డ్యూటీ. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నేను మాత్రం గంగిరెద్దులా తలూపి సంతకాలు పెట్టాను.

మా మేనత్తది పామర్రు పక్కన పల్లె. పదిహేనేళ్లుగా షుగర్ మనిషి. మేనకోడలు పనిచేసే ఆసుపత్రి వాళ్లదని గొప్పగా ఆ కేంద్రానికే వెళ్లేది. ఆ ఎండాకాలం ఒకరోజు ఫోన్ చేసింది.

"ఏమే, పరగడుపున తీసిన షుగర్ తొంభై ఆరంట. కింద నీ సంతకం కూడా ఉంది. మా ఆర్‌ఎంపీ డాక్టరు చూసి, ఇంకేంటండీ, బిళ్లలు సగం చేసెయ్యండి అన్నాడు. చేసెయ్యనా?"

ఆ ట్యూబు మూత రంగు నాకు గుర్తు రాలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ వచ్చింది. ఆవిడ రిపోర్టు తప్పంటే అన్నీ తప్పనాలి, మళ్లీ మేనేజరుతో గొడవ. వచ్చేసారి చూద్దాంలే అనుకున్నాను.

"డాక్టరు చెప్పాడుగా అత్తా" అని ఫోన్ పెట్టేశాను.

రెండు నెలలకు ఆవిడను కారులో పడుకోబెట్టి మా ఆసుపత్రికే తెచ్చారు. కొత్త చెప్పు కరిచి పుండు పడిందట. షుగర్ లేదుగా, అదే మానుతుందిలే అని పసుపు రాసుకుంటూ కూర్చుంది. కుడికాలి వేళ్లు రెండు నల్లబడిపోయాయి. క్యాజువాలిటీలో రక్తం తీస్తే మూడు వందల నలభై. రెండు వేళ్లు తీసెయ్యాలి, పాదం దక్కుతుందో లేదో ఆ తర్వాత గానీ చెప్పలేనన్నాడు సర్జన్.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి పామర్రు బస్సెక్కాను. ఆ కేంద్రంలో ఉన్నామెను నాలుగు దులుపుదామనే వెళ్లాను. ముప్పై ఏళ్ల మనిషి, చెయ్యి తేలిక. ఒక ముసలాయనకు నొప్పి తెలియకుండా రక్తం తీసి, ట్యూబు తీసుకెళ్లి కిటికీ దగ్గర స్టాండులో పెట్టింది. దాని మీద ఎండ పడుతోంది.

"షుగర్‌కి ఎర్రమూత వాడొచ్చని ఎవరు చెప్పారమ్మా మీకు?" అన్నాను.

"ఇవే పంపిస్తారండి. ఏ మూతైతే ఏముందండీ, రక్తం రక్తమే కదా."

తిట్టడానికి నోరు రాలేదు. ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమె దాచిందీ లేదు. నేర్చుకుని వచ్చినదాన్ని నేను.

ఆ కోపమంతా పట్టుకెళ్లి మేనేజరు గదిలో దించాను. ఎర్రమూతలో షుగర్ శాంపిల్ వస్తే ఇకమీదట చెయ్యనని కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను.

"ఒక్కరికి ఏదో అయిందని ఇంత రభస అవసరమా మేడమ్? ఆవిడ మీ చుట్టం కాకపోతే ఇంత దూరం వచ్చేవారా మీరు?"

సిగ్గు లేని మాటే. కానీ అబద్ధం కాదు, అందుకే ఇంకా మండింది. బూడిదమూత ట్యూబులు మూడో రోజుకల్లా పామర్రు చేరాయి. ఇన్నాళ్లూ ఇచ్చిన రిపోర్టుల సంగతేంటని అడిగితే, పాతవి తవ్వొద్దన్నాడు. నేనే రిజిస్టరు తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మళ్లీ పరీక్ష చేయించుకోమని చెప్పడం మొదలుపెట్టాను. అత్తకు మాత్రం చెప్పలేదు.

ఆపరేషన్ రోజు ఉదయం అత్త రక్తం నేనే తీశాను. ఇన్సులిన్‌తో నూట అరవైకి దిగింది. పైన వార్డుకెళ్లి ఆవిడకు ఆ మాట చెప్పాను.

"నువ్వే చేశావా?"

"నేనే అత్తా."

"అయితే నమ్మొచ్చు" అని దిండు మీద తల వాల్చింది.

ఇక ఆగలేకపోయాను. మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పాను. తొంభై ఆరు అబద్ధమని, ఆ ట్యూబు పనికిరాదని తెలిసే సంతకం పెట్టానని. నాలుగు తిట్టినా, చెంప పగలగొట్టినా బాగుండేది. ఆవిడ కట్టు కట్టిన కాలి వైపు చూసింది.

"నీకు ఫోన్ చేశాను కదే" అంది.