చొక్కా మీద స్టెతస్కోపు

పార్థసారథి గారికి మనుషులు మొహాలతో గుర్తుండరు, మోచేతులతో గుర్తుంటారు. ఎదురుపడినవాడి పేరడగరు, ఊరడగరు. "ఏదీ, ఓసారి చెయ్యివ్వు నాయనా" అంటారు. షేక్‌హ్యాండ్ కాబోలనుకుని చెయ్యి చాపినవాడి పని అయిపోయినట్టే. జేబులోంచి స్టెతస్కోపు తీసి, మోచేతి మడత దగ్గర చొక్కా మీదనుంచే ఆనించి, కళ్లు మూసుకుని నిలబడిపోతారు. లిఫ్టు వస్తుంది, తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, వెళ్లిపోతుంది. ఆయన మాత్రం ఈ లోకంలో ఉండరు. చివరికి "ఆహా... ప్రవాహం దివ్యంగా ఉంది" అని నిట్టూర్చి, చెయ్యిని దాని సొంతదారుకి అప్పగిస్తారు.

అలాగని ఆయన అల్లాటప్పా మనిషి కాదు. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి కూతవేటు దూరంలో, ఒక అద్దాల మేడ పై అంతస్తులో కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేసే పెద్ద డాక్టరు. కిడ్నీలు పాడైనవాళ్లకి రక్తనాళాలు కూడా ఎందుకు దెబ్బతింటాయి అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నతోనే నిద్రలేస్తారు, దానితోనే పడుకుంటారు. మధ్యలో భోజనం చేశారో లేదో భార్య నాగేశ్వరి గారు ఫోన్ చేసి చెబితే తెలుసుకుంటారు.

పీహెచ్‌డీ చెయ్యడానికి నల్లగండ్ల నుంచి వచ్చిన సంయుక్తకి మొదటిరోజే ఆయన కిటికీ దగ్గర పాఠం చెప్పారు. కింద సాయంకాలపు ట్రాఫిక్ ఎర్రదీపాలతో మెల్లగా పాకుతోంది. వాన మబ్బు ఒకటి కేబుల్ బ్రిడ్జి వైపు తీరిగ్గా పోతోంది.

"నాళం అంటే గొట్టం కాదమ్మా. గొట్టాలు మున్సిపాలిటీ వాళ్లు వేసేవి. నాళం లోపల సన్నటి పొర ఉంటుంది. దానికి మనసుంటుంది."

"మనసా సార్?"

"మనసే. రక్తం జోరుగా వస్తోందని తెలియగానే పక్కకి ఒత్తిగిలి దారిస్తుంది. కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో ఆ పొర మొండికేస్తుంది. అదిగో, ఆ జంక్షన్‌లా."

ఆ జంక్షన్‌ని చూస్తూ ఆయన అలాగే నిలబడిపోయారు. ఇంటికి వెళ్లమన్నారో ఉండమన్నారో తెలియక సంయుక్త కూడా నిలబడే ఉంది. గోదావరి కాలవల పక్కన పుట్టిన మనిషి కావడంతో ఆయనకి కదిలేదేదైనా కాలవే. ఒకసారి అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం దాకా వచ్చి, దిగడం మరిచిపోయి, అదే రైల్లో వెనక్కి తిరిగి నాగోలు చేరారు. సంయుక్త ఫోన్ చేస్తే, "పరవాలేదమ్మా, రక్తం కూడా గుండెకి తిరిగి వెళ్లాల్సిందేగా" అన్నారు.

కానీ ఆ స్టెతస్కోపు సంగతే సంయుక్తకి కొరుకుడు పడలేదు. గేటు దగ్గర కాపలా ఉండే మొగిలికి రోజూ ఇదే గోస.

"సారూ, ఐడీ కార్డు సూపెట్టుండ్రి."

"కార్డు సరే గానీ, చెయ్యివ్వు మొగిలీ."

"నిన్ననే ఇంటిరి గద సారూ. ఇయ్యాల ఏం మారుతది?"

"ప్రవాహం రోజూ ఒకేలా ఉండదయ్యా. కాలవలో నీళ్లు చూడలేదూ?"

"మా దిక్కు కాల్వలెక్కడియి సారూ? బోర్లే."

ఢిల్లీ నుంచి నిధులిచ్చే పెద్దమనిషి వచ్చినప్పుడు సంయుక్త ప్రాణం గిలగిల్లాడింది. ఆయన కోటు వేసుకున్నాడు. పార్థసారథి గారు కోటు మీదనుంచే విన్నారు. కోటు కింద చొక్కా, చొక్కా కింద బనీను. ఆ మూడూ దాటి ఏం వినిపించిందో గానీ, "దివ్యం" అన్నారు. పెద్దమనిషి పొంగిపోయి, ఇంకో చెయ్యి కూడా వినమన్నాడు.

సంయుక్త బాధ వేరు. ఆమె చదువుకున్న పిల్ల. చేతికి బీపీ పట్టీ బిగించకుండా ఊరికే ఆనిస్తే, ఆరోగ్యవంతుడి మోచేతిలో ఏ చప్పుడూ వినిపించదు. అందులోనూ చొక్కా మీదనుంచి! ఈ తప్పు చేసిన వైద్య విద్యార్థిని ఎవరైనా బయటికి గెంటుతారు. ల్యాబులో లక్షలు పోసి కొన్న స్కానింగ్ మిషను ఉండగా, ఇంత పెద్దాయన ఏమీ వినిపించని చేతులకి తన్మయులైపోవడం ఏమిటి?

ఒకసారి భోజనానికి పిలిస్తే వెళ్లి, నాగేశ్వరి గారిని మెల్లగా అడిగింది.

"ఈ పిచ్చి పోయినేడాది నుంచేనమ్మా" అన్నారావిడ పప్పు వడ్డిస్తూ. "అంతకుముందు వేరే పిచ్చుండేది. నాకు అలవాటైపోయిందిలే."

అసలు ఊరేగింపు సాయంత్రం మల్లమ్మ టీ బండి దగ్గర. మల్లమ్మది పుప్పాలగూడ. మేడ వెనక చెట్టు కింద ఆవిడ అల్లం చాయ్ మరుగుతుంటే, మెడల్లో కార్డులు వేలాడేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలంతా వరస కట్టేవారు. సార్ ఆ వరస పొడుగునా చేతులు వింటూ వచ్చి, చివర మల్లమ్మ ఎడమ చెయ్యి కూడా విని, కప్పు అందుకునేవారు. మండు వేసవిలో కూడా మణికట్టు దాకా జాకెట్టు తొడుక్కునే మనిషి మల్లమ్మ. ఇంతసేపూ సంయుక్త స్తంభం చాటున నిలబడి, తనెవరో ఈయనెవరో అన్నట్టు ఫోన్ చూసుకునేది.

"ఏమండీ, మీ సార్‌కి నా చేతిలో ఏం వినిపిస్తుందండీ?" అని మియాపూర్ నుంచి వచ్చే ఆదర్శ్ ఒకరోజు పట్టుకున్నాడు. "రోజూ దివ్యం అంటున్నారు, మా అమ్మకి చెబితే ఒకటే సంబరం."

సంయుక్త ఆ ప్రశ్న తీసుకెళ్లి సార్‌నే అడిగేసింది. ఆయన ఆకాశం వంక చూసి, "ఆ మబ్బు చూశావా, అచ్చం మా కాలవ లాకుల దగ్గర పడవలా లేదూ?" అన్నారు.

ఆ శ్రావణంలో ఒక సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. సార్ మామూలుగానే వరసంతా విని, ఆదర్శ్‌కి దివ్యమని చెప్పి, మల్లమ్మ దగ్గరికి వచ్చారు. ఆనించారు. జరిపి ఆనించారు. ఇంకాస్త పైకి ఆనించారు. అప్పుడు కళ్లు తెరిచారు. ఇన్నాళ్లలో సార్ కళ్లు అంత పూర్తిగా తెరుచుకోవడం సంయుక్త చూడలేదు.

"మల్లమ్మా, పొయ్యి ఆపెయ్. సంయుక్తా, కారు తియ్యి."

"చాయ్ మరుగుతున్నది సారూ! గీళ్లందరు నిలవడ్డరు!"

"ఆదర్శ్ చూసుకుంటాడు. పద."

ఆదర్శ్ బిక్కమొహం వేశాడు. క్లౌడ్‌లో సర్వర్లు నడిపేవాడికి కిరోసిన్ స్టవ్ ఎటు తిప్పితే ఆరుతుందో తెలియదు. వెనక నుంచి నలుగురు సలహాలిచ్చారు, నాలుగూ వేర్వేరు.

కారులో మల్లమ్మ కాసేపు బిగుసుకుని కూచుని, ఆనక తనే జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. మోచేతి కింద నరాలు లావుగా ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. చూడగానే సంయుక్తకి అర్థమైంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చెయ్యి అది. ఆరోగ్యవంతుల చేతిలో చప్పుడుండదు. ఇలా కుట్టిన చేతిలో మాత్రం ఎప్పుడూ హోరు వినిపిస్తూనే ఉండాలి. ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టినట్టు. వెంటనే తియ్యకపోతే ఆ చెయ్యి ఇంక పనికిరాదు, మళ్లీ మెడలో గొట్టం, మళ్లీ ఇంకో ఆపరేషను.

"గిది జూస్తే నా చేతి చాయ్ ఎవలు తాగుతరు బిడ్డా?" అంది మల్లమ్మ. "అంటురోగమనుకుంటరు. బండి బందైతే కిరాయి ఎట్ల కట్టాలె?"

"ఇది అంటుకోదు పెద్దమ్మా."

"నీకెర్కే. గాళ్లకెర్కనా?"

సంయుక్త సిగ్నల్ దగ్గర హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

దవాఖానలో మల్లమ్మని లోపలికి తీసుకెళ్లాక, సార్, సంయుక్త బయట బల్ల మీద కూర్చున్నారు.

"మిగతావాళ్ల చేతుల్లో ఏం వినిపించేది సార్?"

"ఏం వినిపిస్తుందమ్మా, ఏమీ వినిపించదు. నీకు తెలియదూ?"

"మరి రోజూ అంతమందివి...?"

"చెయ్యిని రోజూ తడిమి చూసుకోమని ఇక్కడి డాక్టర్లు మల్లమ్మకి చెప్పినప్పుడు నేనూ ఉన్నాను. ఆవిడకి దాన్ని తాకాలంటేనే భయం. పోనీ నేను విందామంటే, ఆవిడ ఒక్కదానిదే వింటే ఎందుకని నలుగురూ అడగరూ? అందుకని అందరివీ వింటున్నాను. జాకెట్టు చెయ్యి ఎత్తదు కాబట్టి మిగతావాళ్లవీ బట్ట మీదనుంచే." ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "బండి దగ్గర మాత్రమే వింటే అనుమానం వస్తుందని లిఫ్టులో కూడా మొదలుపెట్టాను. మేడలో అందరి చేతులూ వినే పరిశోధన ఒకటుంది, అందులో నీదీ ఒకటి అని మల్లమ్మకి అబద్ధం చెప్పాను. నమ్మింది, పాపం."

"ఢిల్లీ ఆయన కోటు?"

"అది మాత్రం అలవాటులో జరిగిపోయిందమ్మా."

సంయుక్తకి నవ్వొచ్చింది, దాని వెనకే కళ్లు చెమ్మగిల్లాయి. స్తంభం చాటున నిలబడ్డ సాయంత్రాలన్నీ తలుచుకుని సిగ్గేసింది. ఇంతలో నర్సు వచ్చి, గడ్డ తీసేశారనీ, హోరు మళ్లీ మొదలైందనీ చెప్పింది. సార్ గోడకి తలానించి కళ్లు మూసుకున్నారు. ఈసారి నిజంగానే నిద్రపోయారు.

కొన్నాళ్లకి మల్లమ్మ బండి మళ్లీ తెరుచుకునేసరికి, సార్ మీటింగుకని విశాఖపట్నం వెళ్లి ఉన్నారు. సాయంత్రం వరస నిలబడింది. సంయుక్త స్తంభం దగ్గర కాసేపు తటపటాయించి, ల్యాబులోంచి తెచ్చిన స్టెతస్కోపు తీసి, వరసలో మొదటివాడి ముందుకెళ్లింది.

"చెయ్యివ్వండి."

"మీరు కూడానా అండీ!" అన్నాడు ఆదర్శ్.

చొక్కా మీదనుంచి ఆనించింది. ఏమీ వినిపించలేదు. "దివ్యం" అంది. పక్కవాడిదీ దివ్యం, ఆ పక్క అమ్మాయిదీ దివ్యం. గబగబా అందర్నీ దాటుకుని మల్లమ్మ చెయ్యి అందుకుంది. చెవుల్లోకి ఒక్కసారిగా హోరు వచ్చింది, లాకులెత్తిన కాలవలా, ఆగకుండా. ఆ చప్పుడు వింటూ తను ఎక్కడుందో మరిచిపోయింది. చుట్టూ ఆ మేడలు, హారన్లు, తుంపర అన్నీ ఎటో దూరంగా జరిగాయి.

మల్లమ్మ వంగి, ఎవరికీ వినపడకుండా చెవిలో అంది:

"జర నిమ్మలంగ ఇను బిడ్డా. గా పిలగాండ్లయి ఉర్కులాడుకుంట ఇని, నాకాడ గింతసేపు నిలవడితే అందరికి ఎర్కైతది."

సంయుక్త తెల్లబోయింది. "పెద్దమ్మా, అంటే... నీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది? ఢిల్లీ సారు ముచ్చట మొగిలి చెప్పిండు. కోటు మీదకెళ్లి ఇనెటోనికి ఏం ఇనవడుతది?" మల్లమ్మ చాయ్ వడగట్టి కప్పు చేతికిచ్చింది. "సారుకు మాత్రం చెప్పకు. నేను నమ్మిన్ననుకుని మస్తు ఖుషీగున్నడు, పాపం."