పుచ్చిన చెక్కల మీద

మెర్ల్ పోల్‌గ్లేజ్ ఎప్పుడూ నేల చూస్తూ నడిచేది. కొత్తవాళ్లు అది చూసి బిడియం అనుకునేవారు గాని, అది భయం.

నూట నలభై ఏళ్ల కిందట బంగారం పడిందన్న కబురు విని జనం విక్టోరియా కొండల్లోకి ఎగబడ్డారు. ట్రెగెల్లీ అనే ఊరి చుట్టూ ఉన్న అడవినంతా తవ్విపోశారు. బంగారం అయిపోగానే గోతుల్ని అలాగే వదిలేసి మరో చోటికి పరుగెత్తారు. కొన్ని గని బావుల మీద మాత్రం దుంగలూ చెక్కలూ పరిచి పోయారు. వాటి మీద ఆకు రాలి, మట్టి పేరుకుని, గడ్డి మొలిచింది. తొమ్మిదేళ్ల వయసులో మెర్ల్ తప్పిపోయిన మేకను వెతుకుతూ అలాంటి గడ్డి మీద కాలు వేసి చంకల దాకా దిగిపోయింది. రెండు గంటలు ఒక దుంగను కరుచుకుని వేలాడింది. కాళ్ల కింద నుంచి చల్లటి గాలి కొడుతోంది. గట్టిగా అరిస్తే దుంగ జారుతుందేమోనని అరవను కూడా లేదు. చివరికి తండ్రి వచ్చి జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

ఆ తర్వాత ఆమె అడవిలోకి వెళ్లలేదు. రొట్టెల కొట్లో పని చేసింది, పెళ్లాడింది, భర్తను పోగొట్టుకుంది. పాత వీధిని బాగుచేసి చూడవచ్చేవాళ్ల కోసం తెరిచినప్పుడు అక్కడ ఊరు చూపించే పనిలో చేరింది. కొండ కింద గని సొరంగంలోకి మాత్రం వచ్చినవాళ్లను తోటి ఉద్యోగి క్లైవ్ తీసుకెళ్లేవాడు.

"నువ్విక్కడ చేరి పంతొమ్మిదేళ్లయింది మెర్ల్. ఒక్కసారి లోపలికొచ్చి చూడవే, దయ్యాలేం లేవు," అనేవాడతను.

"నువ్వున్నావుగా, చాల్లే," అనేది మెర్ల్.

ఆ శనివారం మెల్‌బోర్న్ నుంచి బస్సులో ముప్ఫైమంది పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లలో ఆల్బీ డ్రిస్కల్ అనే ఎనభై ఒక్కేళ్ల ఆయన, కూతురు నోరీన్ చెయ్యి పట్టుకుని దిగాడు.

"నాన్నకి మతిమరుపమ్మా, కాస్త కనిపెట్టి ఉండండి," అంది నోరీన్ మెల్లగా.

మెర్ల్ రోజూ చెప్పే కథే చెప్పింది. ఆ రోజుల్లో తవ్వుకోవాలంటే సర్కారు పర్మిట్టు ఉండాలి, లేనివాళ్లను పట్టుకోవడానికి పోలీసులు గుర్రాల మీద వచ్చేవారు, వాళ్లను చూసినవాడు "జో! జో!" అని కేకేస్తే గుట్టంతా ఎక్కడివాళ్లక్కడ నక్కేవారు అని. ఆ కేక ఆమె గట్టిగా వేసి చూపించింది. ఆల్బీ చప్పట్లు కొట్టి నవ్వాడు. తర్వాత అందరూ బంగారం కోసం పళ్లేలతో వాగులో ఇసుక కడిగారు. ఆయన పళ్లెంలో మెరిసే రేణువొకటి తేలింది. అప్పటినుంచీ ఆయన నవ్వలేదు. పక్కవాళ్లకు కనిపించకుండా పళ్లేన్ని కోటు కింద దాచుకున్నాడు.

టీ తాగడానికి అందరూ లోపలికి వెళ్లాక నోరీన్ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"నాన్న కనపడట్లేదు! చేతులు కడుక్కుని వచ్చేలోపు ఎటో వెళ్లిపోయాడు."

వాగు అవతల తడి మట్టిలో బూటు జాడలు కనిపించాయి. అవి అడవి వైపే వెళ్లాయి. క్లైవ్ సొరంగంలో ఉన్నాడు.

"నువ్వు సొరంగం దగ్గరికెళ్లి క్లైవ్‌ని పిలువు, తాడు తెమ్మను. నా వెనక మాత్రం రాకు. ఒక్క అడుగు కూడా వెయ్యకు," అని నోరీన్‌కు చెప్పి, కంచె దూరింది.

వేసిన ప్రతి అడుగూ ముందు బొటనవేలితో నొక్కి చూసి వేసింది. ఆ లెక్కన వెళితే ఆయన దొరికేసరికి సాయంత్రమవుతుందని తెలుసు, కానీ కాళ్లు అంతకంటే కదలలేదు. తెల్లరాయి గుట్ట దాటగానే ఆల్బీ కనిపించాడు. చదునైన గడ్డి మీద పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన బూటు తగిలి గడ్డి చెదిరిన చోట నల్లటి చెక్క అంచు బయటపడింది.

"ఆల్బీ గారూ," అంది మెర్ల్. "కదలకండి."

"ఎవతివే నువ్వు? ఇది నా జాగా. నీ జాగా నువ్వు చూసుకో."

"మీదే, కాదన్నదెవరు? టీ చల్లారిపోతోంది, మీ అమ్మాయి పిలుస్తోంది."

"టీ ఆశ చూపించి జాగా కొట్టేద్దామని! ఇట్లాంటి ఆడాళ్లని ఎంతమందిని చూడలేదు!" అని కోపంగా కాలు నేలకేసి కొట్టాడు.

చెక్క ఫటాలున పగిలింది. ఒక ముక్క కిందికి పోయింది. మెర్ల్ ఊపిరి బిగబట్టింది. ఎంతసేపటికో లోపలినుంచి నీళ్ల చప్పుడు వచ్చింది. ఆ చల్లగాలి మళ్లీ ముఖానికి తగిలింది. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. తాడు వచ్చేదాకా ఆ చెక్కలు ఆగవని కూడా అర్థమైంది.

అప్పుడు నోటికి ఎలా వచ్చిందో, "జో! జో!" అని కేకేసింది. "పోలీసులు! పడుకో ఆల్బీ! పర్మిట్టుందా నీ దగ్గర?"

"లేదు పిల్లా!" అంటూ ఆ ముసలాయన ఠక్కున బోర్లా పడుకున్నాడు. కింద దుంగలు మూలిగాయి గాని ఆగాయి.

మెర్ల్ కూడా పొట్ట మీద పడుకుంది. అంచున ఉన్న తుమ్మ మొదలుకు ఒక కాలు మెలివేసి, వానకోటు విప్పి, ఒక కొస తను పట్టుకుని ముందుకు విసిరింది. "కోటు పట్టుకో. పాకుతూ రా. తల ఎత్తకు, గుర్రాలు గుట్ట కిందే ఉన్నాయి."

"ఎంతమందున్నారు?"

"ఆరుగురు. మాట్లాడకు."

ఆయన పళ్లెం వదలడు. ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో కోటు పట్టుకుని జానెడు జానెడు జరుగుతున్నాడు. ప్రతి జానెడుకూ కింద మట్టి రాలుతోంది. చేతికందగానే మెర్ల్ ఆయన కాలర్ పట్టి బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ తుమ్మ చెట్టు కింద కుప్పగా పడ్డారు. క్లైవ్ తాడుతో వచ్చేసరికి చెక్కలు సగం కూలి, నల్లటి నోరు తెరుచుకుని ఉంది.

టీ బల్ల దగ్గరికి చేరేసరికి ఆల్బీకి ఏదీ గుర్తులేదు. ఏడుస్తున్న కూతుర్ని, "ఎవరన్నా ఏమన్నా అన్నారా అమ్మా?" అని అడిగాడు. మెర్ల్ చేతుల మీది మట్టి చూసి, "తోటపనా? ఈ వయసులో అంత కష్టం ఎందుకమ్మా," అన్నాడు.

నాలుగు రోజులు మెర్ల్ మంచం దిగలేదు. పై శనివారం పనిలోకి వచ్చింది. ఆ గని బావి నోరు ముయ్యడానికి సిమెంటు పోసినప్పుడు ఎండలో నిలబడి చివరిదాకా చూసింది. సిమెంటు గట్టిపడ్డాక కూడా దాని మీద కాలు పెట్టలేదు. ఆ తర్వాత చేతికర్ర కొనుక్కుంది. తారు వేసిన పెద్దవీధిలో కూడా ముందు కర్రతో తట్టి, చప్పుడు విని, అప్పుడు అడుగు వేసేది. జనం నవ్వుకున్నారు. క్లైవ్ మాత్రం నవ్వలేదు. ఆమె పక్కనే, ఆమె ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడిచేవాడు.