ఉప్పు దిగిన మట్టి

పక్కింట్లో సోయా బడీ ఉడుకుతున్న వాసన వస్తే నేను ఇప్పటికీ లేచి వెళ్ళి కిటికీ మూసేస్తాను. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చే మా చుట్టాలు దాన్ని మీల్‌మేకర్ అంటారు, ఒంటికి ఎంతో మంచిదని నాకు చెబుతారు, పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ కూరలో వేయించుకుని మరీ తింటారు. మంచిదే కావచ్చు. వానకు తడిసి సగం ఆరిన గోనెసంచి లాంటి ఆ వాసనలో నాకు మాత్రం ఒక రేకుల షెడ్ల వరస, వాటి ముందు నీళ్ళ కోసం పెట్టిన బిందెలు, మధ్యాహ్నానికి పెనంలా కాలిపోయే తలుపు కనిపిస్తాయి. ఏదీ మరిచిపోనని మా ఇంట్లో నన్ను దెప్పుతారు. నిజమే, మరిచిపోను. నేనూ మరిచిపోతే ఈ సంగతి చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చేవరకు మా ఇల్లు సముద్రం ఒడ్డునే ఉండేది. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వలలు కట్టుకుని ఓడెక్కి వచ్చి, పోర్ట్ బ్లెయిర్ అంచున ఇసుక మీద ఇళ్ళు వేసుకున్నారు. మే నెలలో వానలు దిగితే పడవల్ని పైకి లాగి బోర్లించేవారు, వాటి కింద మేం ఆడపిల్లలం మోకాళ్ళు ముడుచుకుని గవ్వలాట ఆడుకుంటుంటే, పడవ వీపు మీద వాన పడే చప్పుడుకు ఎవరి గవ్వలు ఎన్ని వెల్లకిలా పడ్డాయో అరిచి చెప్పుకోవలసి వచ్చేది. వానలు వెనకబట్టాక ఎండు చేపల కాలం. అప్పుడు నానమ్మ తెల్లవారకముందే లేచి చేపల కడుపు చీల్చి, ఉప్పు పట్టించి, తట్టల్లో పేర్చి, ఎండ వచ్చేసరికి పందిరి మీద ఆరేసేది. ఆమె ఉప్పును ఏనాడూ దోసిలితో కొలవలేదు. చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టుకుని, ఇంకా పట్టాలో వద్దో చెప్పేసేది. గంగమ్మ పండగకు బూరెలు, కొబ్బరి పరమాన్నం ఎంత ఉన్నా, మా పిల్లల చేతులు ముందు ఎండు నెత్తళ్ళు వేసి వండిన గోంగూర మీదికే వెళ్ళేవి. ఆ గోంగూర మా పెరట్లోది. పక్కనే తోటకూర, చిరిగిన వల మీద అల్లుకున్న బచ్చలి. కూరగాయలు కొనడమంటే మాకు ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ కొనడమే. మాకు డబ్బు లేదు గానీ, మా కంచంలో రంగు ఉండేది.

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున్న, భూమి ఊగింది, ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. దాని గురించి చాలామంది రాశారు, నేను రాయను. మా ఇల్లు పోయింది, నాన్న పడవ పోయింది, మా ఇళ్ళ వరసలో ముగ్గురు తిరిగి రాలేదు.

మమ్మల్ని డాలీగంజ్ అంచున, యంత్రంతో చెక్కిన ఎర్రటి గుట్ట మీద, రేకుల షెడ్లలోకి చేర్చారు. బియ్యం ఇచ్చారు, పప్పు ఇచ్చారు, నూనె ఇచ్చారు, బంగాళాదుంపలూ సోయా బడీ బస్తాలతో ఇచ్చారు. ఇవ్వలేదని నేనెప్పుడూ అనను. కానీ పచ్చగా ఉన్నది ఒక్కటీ ఆ గుట్ట ఎక్కలేదు. కూరగాయల బండి కింద రోడ్డు మీద గవర్నమెంటు క్వార్టర్ల ముందు ఆగి, మా వైపు చూడకుండా వెళ్ళిపోయేది. బజారుకు వెళ్ళాలంటే బస్సు, బజారులోదేమో షిప్పులో వచ్చిన కూర, మూడు రోజుల ప్రయాణంతో వాడిపోయి కూడా మా అందుబాటులో ఉండేది కాదు. గుట్ట మీదే వెలిసిన కొట్టులో మాత్రం చిప్స్ ప్యాకెట్లు దండల్లా వేలాడేవి. ఇక చేపలంటారా, సముద్రంలో పోయినవాళ్ళను చేపలు తిన్నాయన్న మాట దీవంతా పాకి, నెలల తరబడి ఎవరూ చేప ముట్టలేదు. నానమ్మ కూడా ముట్టలేదు. పుట్టినప్పటి నుంచి చేపతో బతికిన మనిషి, ఎవరో తెచ్చిచ్చిన చేపను వెనక్కి పంపేస్తూ, "అయ్యి మన మనుసుల్ని తిన్నాయి. నాను వాటినెలా తిందునే?" అంది.

ఆ జూలైలో బడికి పిల్లల్ని పరీక్ష చేయడానికి ఒక నర్సు దీదీ వచ్చింది. నా కింది కనురెప్ప లాగి చూసి, వేలు గుచ్చి చుక్క తీసి, రక్తం తక్కువని చీటీ రాసిచ్చింది. ఆకుకూరలు, గుడ్లు, పళ్ళు పెట్టాలని ఆ చీటీలో ఉంది. అప్పటికి నేను ఆగస్టు పదిహేను పరేడ్ ప్రాక్టీసులో మూడో వరస ఎడమ చివర నిలబడుతున్నాను. మా డ్రిల్ టీచరు, కింద క్వార్టర్లలో ఉండే తెలుగావిడే, చీటీ చదివి నన్ను వరసలోంచి బయటికి లాగింది.

"షీట్ కాలనీ పిల్లలకి ప్యాకెట్లు చింపుకుని తినడం తప్ప ఏం తెలుసు? పో, నీడలో కూర్చో. ఎండలో పడిపోతే జవాబు నేను చెప్పుకోవాలి."

క్లాసంతా విన్నది. నవ్విన ఇద్దరి పేర్లు నాకు గుర్తున్నాయి, రాయను. ఆ పదిహేనో తారీకున నేను వేపచెట్టు నీడలో కూర్చుని మిఠాయి పొట్లం అందుకున్నాను, తినకుండా ఇంటికి తెచ్చి నానమ్మ ముందు పడేశాను, టీచరు అన్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాను. నానమ్మ చీటీని నాతో రెండుసార్లు చదివించుకుంది. మర్నాడు రెండు ఖాళీ బియ్యం సంచులు చంకన పెట్టుకుని బస్సెక్కింది.

ఆమె వెళ్ళింది మా పాత ఇంటికి. ఇల్లంటే గచ్చు మాత్రమే మిగిలింది, నేల కుంగిపోయి అమావాస్యకూ పున్నమికీ సముద్రం అక్కడిదాకా వచ్చి పోతోంది. నీళ్ళు తీసిన వేళ చూసి, గోంగూర మడి ఉండే చోట తవ్వి, సంచులు నింపుకుని, కండక్టరు తిడుతున్నా వినకుండా బస్సులో తెచ్చింది. అలా నాలుగైదు సార్లు తిరిగింది. గుట్ట మీది ఎర్రమట్టి రాయిలా ఉందనీ, తన పెరటి మట్టి చేతికి తెలుసనీ ఆమె ధైర్యం. చేపల జెట్టీ దగ్గర పారేసిన థర్మకోల్ పెట్టెలు ఏరి తెచ్చి, అందులో ఆ మట్టి పోసి, తోటకూర గింజలు చల్లింది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, ఒక్క మొలక రాలేదు. సముద్రం మనిషికి మట్టి పనేం తెలుసని షెడ్లలో మా వాళ్ళే నవ్వారు.

తుష్నాబాద్ నుంచి పొద్దుటి బస్సులో బుట్టతో దిగి బజారుకు వెళ్ళే ఒక ముసలి రైతును నానమ్మ దారిలో పట్టుకుని, గుట్ట ఎక్కించి పెట్టెలు చూపించింది. ఆయన చిటికెడు మట్టి నలిపి, ఇది సముద్రాన్ని తాగిన మట్టి అని హిందీలో చెప్పాడు. వాన నీళ్ళు పైనుంచి కిందికి దిగి బయటికి పోతేనే ఉప్పు పోతుందనీ, ఎప్పటికి పోతుందో తనకూ తెలీదనీ అన్నాడు. వెళ్తూ వెళ్తూ బుట్టలోంచి గింజల పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఉప్పు ఎప్పటికి పోతుందో తెలుసుకోవడం మా నానమ్మకు కొత్త కాదు. ఇనప ఊచ కాల్చి పెట్టెలకు అడుగున చిల్లులు పెట్టింది, ఇటుకల మీదికి ఎత్తింది, చిల్లుల మీద కొబ్బరి పీచు పరిచి మట్టి తిరిగి నింపింది. సెప్టెంబరు వానలు మా దీవిలో ఎలా పడతాయో చూసినవాళ్ళకు తెలుసు, రేకుల మీద రాళ్ళు గుమ్మరించినట్టు రోజుల తరబడి పడతాయి. పెట్టెల అడుగు నుంచి నీళ్ళు కారిపోతూనే ఉండేవి. వారానికోసారి ఆమె చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, ఎండు చేపల ఉప్పుతో పోల్చి నాకు లెక్క చెప్పేది. మొదటి వారం, "ఉప్పు సొరలాగున్నాది." రెండు వారాలకు, "కానాగంతల్లే ఉన్నాది, ఎండిన కానాగంత." ఆ తర్వాత నెత్తళ్ళు. నెత్తళ్ళకు మా ఇంట్లో ఉప్పు తక్కువ పట్టిస్తారు. దసరా దాటాక ఒక రోజు నోట్లో పెట్టుకున్న మట్టి ఉమ్మేయకుండానే ఇంకో చిటికెడు తీసుకుంది.

"ఏటే నానమ్మా?" అన్నాను.

"సప్పగున్నాదే," అంది. ఆ మాట అన్నప్పుడు వెలిగినట్టు ఆమె మొహం వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

పేడ కలిపి ముసలాయన గింజలు చల్లితే నాలుగో రోజుకు ఎర్రటి దారప్పోగుల్లా తోటకూర లేచింది. తర్వాత గోంగూర, తర్వాత బచ్చలి. నవ్వినవాళ్ళందరూ పెట్టెలు ఏరి తెచ్చుకున్నారు, నానమ్మ ఎవరికీ లేదనకుండా మట్టి పంచింది గానీ ఒక కట్టుబాటు పెట్టింది. ఏ పెట్టెలో కోసినా అది ముందుగా మా షెడ్ల లైన్లో పిల్లల కంచాల్లోకి వెళ్ళాలి. సాయంత్రం తలుపు తలుపుకీ వెళ్ళి, పిల్లలు తినేదాకా నిలబడి చూసేది. గోంగూర మొదటి కోతకు ఎండు నెత్తళ్ళు తెప్పించింది. అందరి ముందూ మొదటి ముద్ద తనే తిన్నది, ఏడ్చింది, రెండో ముద్ద నా నోట్లో పెట్టింది. ఆ తర్వాతే మా షెడ్లలోకి చేప తిరిగి వచ్చింది.

డిసెంబరులో తుఫాను పట్టి షిప్పు రాలేదు. బజారులో బంగాళాదుంపలు తప్ప ఏమీ లేవు, కింద రోడ్డు మీద బండీ లేదు. ఒక సాయంత్రం మా డ్రిల్ టీచరు గుడ్డ సంచి పట్టుకుని గుట్ట ఎక్కి వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టనట్టే ఉంది. రెండు కట్టలు ఇవ్వమని అడిగింది.

"ఇయాల నేదమ్మా. ఇయాల్టిది మా లైన్లో గుంటలకి. రేపు రండి," అంది నానమ్మ. పిల్లల్ని ఆమె గుంటలనే అనేది.

"ఇంత ఏపుగా పెరిగింది కదా మామ్మా, రెండు కట్టలకేమవుతుంది?"

"కూర పెరిగిందమ్మా. గుంటలు పెరగాల గదా."

టీచరు ఖాళీ సంచితో దిగిపోయింది. మర్నాడు నానమ్మ అన్నమాట ప్రకారం రెండు కట్టలు కట్టి నాతోనే క్వార్టరుకు పంపింది. సోమవారం బడిలో టీచరు నన్ను పిలిచి, జనవరి పరేడ్‌కు వచ్చి నిలబడమంది. వెనకాల ఎవరో, తోటకూర ఇచ్చి చేరిందన్నారు.

నేను వెళ్ళలేదు. "నర్సు దీదీ చూశాక నిలబడతాను మేడమ్," అన్నాను. పొగరన్నది, పేరు కొట్టేస్తానన్నది. కొట్టేయమన్నాను. రాత్రి నాన్న తిట్టాడు, అమ్మ తిట్టింది, నానమ్మ మాత్రం నా కంచంలో ఇంకో గరిటె పప్పుకూర వేసింది.

జనవరి మొదట్లో నర్సు దీదీ వచ్చింది. కనురెప్ప లాగింది, వేలు గుచ్చింది, పాత చీటీ తీసి పక్కన పెట్టుకుని చూసింది. ఏం తింటున్నావని హిందీలో అడిగింది. చెప్పాను. చీటీ మీద గీత కొట్టి, టీచరుకు వినపడేలా, "ఏకదమ్ ఠీక్ హై," అంది. నేను ఎవరూ పిలవకుండానే వెళ్ళి మూడో వరస ఎడమ చివర నిలబడ్డాను. ఆ ఇరవై ఆరున మా షెడ్ల నుంచి నలుగురం నడిచాం. కంచె అవతల నుంచి చూస్తున్న నానమ్మను ఎవరో మీ మనవరాలేదని అడిగితే, ఆ నలుగురూ మా గుంటలేనని చెప్పిందట.

పక్కా ఇళ్ళు వచ్చాక షెడ్లు పీకేశారు. సామాన్ల లారీలో నానమ్మ మంచాలకంటే ముందు మట్టి పెట్టెలు ఎక్కించింది. ఆమె పోయి ఏళ్ళవుతోంది. పెట్టెలు పొడిపొడిగా రాలిపోయాయి, మట్టి వానలకు కొండ దిగి పోయింది. నాలుకతో ఉప్పు చెప్పగలిగే ఆడవాళ్ళు మా వాళ్ళలో ఇప్పుడు నాకు తెలిసి ఎవరూ లేరు, మా అమ్మాయి ఎండు చేపను ప్యాకెట్లో చూసిందే తప్ప పందిరి మీద చూడలేదు. ఆ గుట్ట మీద ఇప్పుడు కూలి పనులకు వచ్చినవాళ్ళ గదులున్నాయి. కూరగాయల బండి మాత్రం ఇంకా కింద రోడ్డు మీదే ఆగుతుంది.

దాన్ని పైదాకా పంపమని మున్సిపాలిటీకి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొన్న నాలుగోది పట్టుకుని వెళ్తే గుమాస్తా విసుక్కున్నాడు, గోల్ ఘర్‌లో అన్నీ ఇంటి ముందే దొరికే మనిషిని నాకు ఆ గుట్టతో ఏం పని అని అడిగాడు.

"అక్కడ పిల్లలున్నారు భయ్యా," అన్నాను.

ముద్ర వేసి ఇచ్చేదాకా కిటికీ దగ్గరి నుంచి కదల్లేదు. నా వెనక లైను బయటి మెట్లదాకా పెరిగింది.