అన్నయ్య నోటుబుక్కు, వదిన ఫోను

మా అన్నయ్యకు నోటుబుక్కు లేనిదే చెయ్యి ఆడదు, వదినకు ఫోను లేనిదే పొద్దు గడవదు. లిఫ్టులు బాగుచేసే మా చిన్న కంపెనీ ఆ రెండిటి మీదే నడిచేది. నేను పగలంతా అక్కడ లెక్కలు చూసి, సాయంత్రం వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చునే వేళకు మా ఇంటికి వెళ్లిపోయేదాన్ని.

ఆ పద్ధతి పెట్టింది వదినే. పెళ్లైన కొత్తలో అన్నయ్య ఎవరికి ఏ పని చెప్పాడో మర్చిపోయి, ఒకే లిఫ్టుకు ఇద్దర్ని పంపి, ఇంకోదానికి ఎవర్నీ పంపక తల బొప్పి కట్టించుకునేవాడు. గ్రీజు చేతులతో ఫోను ముట్టుకోలేరు కాబట్టి చూసింది చూసినట్టు అక్కడే బుక్కులో రాసుకోమంది. సాయంత్రం ఆయన చదువుతుంటే తను ఫోనులోకి ఎక్కిస్తుంది. పొద్దున మెకానిక్కులు తమ ఫోనులో ఏ పని కనిపిస్తే అదే చేస్తారు. నోటిమాట చెల్లదు.

"బుక్కు నువ్వే చూసి ఎక్కించొచ్చుగా వదినా?" అని ఒకసారి అడిగాను.

"మీ అన్నయ్య రాత కోడి కెలికినట్టు ఉంటుంది. పైగా పైకి చదివేటప్పుడే ఆయనకు రాయనివి కూడా గుర్తొస్తాయి" అంది. నిజమే.

మెకానిక్కుల్లో ఒకడు వదిన తమ్ముడు. పెళ్లీడుకొచ్చినా అందరికీ చిన్నోడే. తల్లి పోయాక వదినే చంకనేసుకుని పెంచింది. అందుకని వాణ్ణి ఏదన్నా అనాలంటే అన్నయ్య ఆచితూచి అనేవాడు. ఒకరోజు అట్లా అనలేదు.

వాడు ఆలస్యంగా వచ్చాడని అందరి ముందూ కడిగేశాడు. వదిన అడ్డం వెళ్తే, "ఫోనులో నాలుగు ముక్కలు నొక్కినంత మాత్రాన పని చేయించడం రాదు" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ సాయంత్రం ఏం జరిగిందో తర్వాత వదినే చెప్పింది. అన్నయ్య బుక్కు తెరిచి ఆమె ముందు పడేసి, చదవకుండా లోపలికి పోయాడు. నాకేం అవసరమని ఆమె ఫోను బోర్లించింది. ఇద్దరూ మూతులు ముడుచుకుని పడుకున్నారు.

బుక్కులో ఒక పాత భవనం సంగతి ఉంది. లిఫ్టు బ్రేకు జారుతోంది, కొత్తది వేసేదాకా అడుగున ఉన్న గుంటలోకి ఎవరూ దిగొద్దు. అన్నయ్య కరెంటు తీసేసి, తలుపుకు 'మరమ్మతులో ఉంది' అని బోర్డు తగిలించి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే కొత్త బ్రేకు కొనడానికి పోయాడు. చిన్నోడి ఫోనులో మాత్రం అంతకుముందే ఎక్కించిన పని అట్లాగే ఉంది. అదే లిఫ్టు, అదే గుంట, చెత్త తీసి శుభ్రం చేయాలి. వాడు బోర్డు చూసి, నా పని కోసమే బావ లిఫ్టు ఆపి ఉంచాడు అనుకున్నాడట.

ఖాళీ లిఫ్టు కంటే దాని తాళ్లకు రెండో వైపు వేలాడే ఇనుప దిమ్మల బరువే ఎక్కువ. బ్రేకు పట్టు తప్పితే లిఫ్టు పైకి పోతుంది, దిమ్మలు కిందికి వస్తాయి. వాడు సరిగ్గా వాటి కింద చెత్త లాగుతుండగా బ్రేకు జారింది. కుడిచెయ్యి నలిగిపోయింది.

రక్తం ఆడుతుందేమో చూద్దామన్నాడు డాక్టరు. వదిన ప్రాణాలన్నీ ఆ ఒక్క మాట మీదే పెట్టుకుంది. "పని చెయ్యకపోయినా ఫర్లేదు, చెయ్యంటూ ఉంటే చాలు" అని వరండాలో గొణుక్కుంటూనే ఉంది. అన్నయ్య ఎదుటి బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాడు. ఎవర్ని తిట్టాలో తెలియక నేను ఇద్దర్నీ మనసులోనే తిట్టుకున్నాను. మర్నాడు మోచేతి పైదాకా తీసేశారు.

తెలివి వచ్చాక చిన్నోడు ముందు అన్నయ్యనే అడిగాడు.

"బావా, బ్రేకు సంగతి నువ్వు చూళ్లేదా?"

"చూశాన్రా. రాశాను కూడా."

"మరి నా ఫోనులో లేదేంటక్కా?"

"ఆ సాయంత్రం మీ బావ చదవలేదు. నేను అడగలేదు" అంది వదిన.

"ఎందుకు?"

"నిన్ను తిట్టాడని."

చిన్నోడు కట్టు వైపు చూసుకున్నాడు.

"ఆ తిట్లు నేను గేటు దాటేలోపే మర్చిపోయానక్కా" అన్నాడు.