మా గేటు ముందు ఆగని శాక్సాఫోన్

ఆ రోజుల్లో మా ఇంటికి మిగిలిన ఆస్తి ఒక్కటే, మర్యాద. పొలాలు తాత హయాంలోనే పోయాయి. మేడ పైభాగం కూలిపోయింది (మేమే దించామని బయట చెప్పేవాళ్ళం). అయినా ఆత్మకూరులో ఏ పెళ్ళి మెరవణి మా వీధిన వచ్చినా, బ్యాండుమేళం మా గేటు ముందు ఆగి, ఒక కీర్తన పూర్తిగా వాయించి, మా ఇంటి మగవాడి చేతి తాంబూలం అందుకున్నాకే కదలాలి. నాయన పోయాక ఆ మగవాణ్ణి నేనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. వీపు నిటారుగా పెట్టి నిలబడడం తప్ప వేరే ఉద్యోగం లేదు.

ఆ ఏడు యూరప్ నుంచి ఒక శాక్సాఫోన్ విద్వాంసుడు ముగ్గురు తోటి వాద్యగాళ్ళతో ఉదయగిరి కోట చూడడానికి వచ్చాడు. ఆయనది జాజ్ ఫ్యూజన్. అంటే దారిలో వినబడ్డ ప్రతి సంగీతాన్నీ తన పాటలో కలిపేసుకుంటాడట. కొండ కింద ఏదో పెళ్ళిలో మా ఊరి బ్యాండు ఆయన చెవిన పడింది. అంతే, వచ్చి మా బ్యాండు మాస్టరు ఇంట్లో దిగాడు. వారం తిరిగేసరికి గిటారు మనిషి ఎండకు తట్టుకోలేక, కీబోర్డు మనిషి మా మిరపకాయ బజ్జీలకు తట్టుకోలేక వెళ్ళిపోయారు. డ్రమ్ముల మనిషి ఒక్కడే మిగిలాడు. నేను సానుభూతి చూపించబోతే తెల్లాయన నవ్వి, తన బృందం ఏ రెండు రికార్డుల్లోనూ ఒకేలా లేదన్నాడు. అది విని మాస్టరు పొంగిపోయాడు.

"మనదీ అంతే గదా అబ్బయ్యా! లగ్గాలు జాస్తిగా ఉంటే ఎవురు దొరికితే వాళ్ళే మన బ్యాండు."

"మనుషులు మారితే మారనీ. మా గేటు కాడ ఆగడం మాత్రం మారకూడదు."

"ఎంత మాట! మన డోలాయన ఉండాడు గదా. గేటు రాంగానే రెండు దెబ్బలేస్తాడు, అందరం ఆగతాం."

తీరా మా వీధిన ఒక పెళ్ళి మెరవణి వచ్చే సాయంత్రానికి ఆ డోలాయన కలిగిరిలో ఇంకో పెళ్ళికి వెళ్ళాడు. ఆయన స్థానంలో తెల్లాయన డ్రమ్ముల మనిషి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. గంజి పెట్టిన పంచె కట్టుకుని, వెండి పళ్ళెంలో (వెండిది కాదు, తోమితే అలా కనబడేది) తాంబూలంతో గేటు దగ్గర నిలబడ్డాను. మేళం వచ్చింది. తెల్లాయన కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు, మాస్టరు ఆయన్నే చూస్తూ క్లారినెట్టు వాయిస్తున్నాడు. ఆ రెండు దెబ్బలూ పడలేదు. మేళం నా ముందు నుంచే సాగిపోయింది. కారులోంచి పెళ్ళికొడుకు నన్ను జాలిగా చూశాడు.

నన్ను! జాలిగా!

మూడు తరాల మర్యాద మలుపు తిరిగి పోతుంటే చూస్తూ ఊరుకోవాలా? పళ్ళెంతో సహా పరుగెత్తి, మేళానికి అడ్డంగా నిలబడి, ఆగమని చెయ్యెత్తాను. అప్పుడే కళ్ళు తెరిచిన తెల్లాయన, పైకి వెళ్ళమంటున్నాననుకుని పై స్వరం అందుకున్నాడు. నేను చెయ్యి ఇంకా ఎత్తాను. ఆయన ఇంకా పైకి వెళ్ళాడు. జనం ఈలలు వేశారు. "అబ్బయ్య భలే నడిపిస్తా ఉండాడ్రా!" అని ఎవరో అరిచారు. మేళం ఆగదు, నేను చెయ్యి దించను. అలా వెనక్కి నడుస్తూ బస్టాండు దాకా వెళ్ళాను. అక్కడ ఊపిరి చాలక ఆయన ఆగి, తాంబూలం రెండు చేతులా అందుకుని వంగి నమస్కరించాడు. ఎవరో ఫొటో తీశారు.

ఇంటికొస్తే అవ్వ గడపలోనే అడ్డుకుంది. "మీ తాత కాలంలో మేళం వచ్చి గేటు కాడ నిలబడేది. నీ కాలంలో గేటే లేచి మేళం ఎంట బొయ్యిందేందిరా?"

ఏడాది తర్వాత పోస్టులో సీడీ వచ్చింది. అందులో మొదటి పాట ఆ సాయంత్రం రికార్డు చేసుకున్నదే. అట్ట మీద ఆ ఫొటో, నడుమ పళ్ళెంతో నేను! కింద బృంద సభ్యుల జాబితాలో నా పేరు! మా వంశంలో మేళం విన్నవారే తప్ప మేళంలో ఉన్నవారు లేరని, తక్షణం నన్ను తొలగించమని నాలుగు పేజీల ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మరుసటి ఏడు ఇంకో సీడీ వచ్చింది. అట్ట మీద అందరూ కొత్తవాళ్ళే. నేను లేను.

ఇప్పుడు మా గేటు కూడా లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. పెళ్ళిళ్ళకు డీజే బండ్లు వస్తాయి, ఎవరికోసమూ ఆగవు. వాటిని నేనేమీ అనను. అప్పుడప్పుడూ ఆ మొదటి సీడీ పెట్టుకుంటాను. పై స్వరం వచ్చేచోట నా చెయ్యి దానంతటదే లేస్తుంది, ఆగమనడానికి కాదు. రెండో సీడీ అట్ట చూస్తే మాత్రం ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. నాతో ఒక్క మాటైనా అనకుండా నన్ను తీసెయ్యడానికి ఆయనెవరు?