ఇంటి ముందు గదిలో పోస్టాఫీసు

మా ఊరి పోస్టాఫీసు మా ఇంటి ముందు గదే. చిన్న ఊళ్లలో అంతే, పోస్టుమాస్టరుగా చేరినవాళ్లే గది కూడా చూపించాలి. మా కోడలికి ఆ ఉద్యోగం వచ్చినప్పుడు వేరుశనగ మూటలు వెనక్కి జరిపి, సున్నం కొట్టించి గది ఇచ్చాం. గోడకు ఎర్ర డబ్బా తగిలించారు. లోపల ఒక బల్ల, ముద్ర, వేలు పెట్టే చిన్న మెషిను. అంతే సరంజామా.

పోయిన ఏడాది ఒక మాట పుట్టింది, రాబడి లేని పోస్టాఫీసులను పక్క పెద్ద ఊరి ఆఫీసులో కలిపేస్తారని. మా ఊరికి బస్సు రాదు. పోస్టాఫీసు పోతే ఉపాధి పని డబ్బు తీసుకోవడానికి ఆడవాళ్లు పక్క ఊరికి నడవాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. కోడలి ఉద్యోగం సంగతి సరేసరి. "రాబడి నేను యాడనుంచి తేవాల అత్తా? స్టాంపులు అమ్మితే వచ్చేదెంత?" అనేది ఆ అమ్మాయి.

అంతలో కబురొచ్చింది, తపాలా శాఖ అధికారి వచ్చి ఒక పూట కూర్చుని పని చూసిపోతాడని. అది ఊరంతా పాకింది.

వేలిముద్రల సంగతి ఇక్కడ చెప్పాలి. వేరుశనగ పీకి, కాయలు ఒలిచి మా ఆడవాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి. మెషిను ఒక్కోసారి పట్టదు. అందుకని డబ్బుకు వచ్చే ముందు రాత్రి వేళ్లకు కాస్త నూనె రాసుకుని, పొద్దున శుభ్రంగా తుడుచుకుని వస్తారు. తోలు మెత్తబడి గీతలు తేలతాయి. ఆ రోజు మాత్రం అధికారి ముందు తన వేలు చప్పున పడాలని ఎవరికి వాళ్లే బయల్దేరేముందు ఇంకాస్త నూనె దట్టించుకుని, తుడుచుకోకుండా వచ్చారు. ఒకరు చేసింది ఒకరికి తెలియదు.

అధికారి కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వీధి చివర ఉండే ముసలమ్మ ముందు వేలు పెట్టింది. పట్టలేదు. కోడలు మెషిను అద్దం తుడిచింది. రెండో ఆమె పెట్టింది. పట్టలేదు. మూడో ఆమె వేలు అద్దం మీద జర్రున జారింది.

"ఏమే, చేతికి ఏం పూసుకున్యావు?" అంది ముసలమ్మ.

"రోంత నూనె అవ్వా."

"రోంతనా? దాంట్లో బోండాలు ఏసుకోవచ్చు గదే!"

"నీ చేతులు మాత్రం ఎండినాయా? తలుపంతా జిడ్డు జేసినావు సూడు."

వరసలో ఉన్నవాళ్లంతా తమ తమ చేతులు చూసుకున్నారు. నవ్వు ఆగలేదు వాళ్లకు. కోడలికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను సీకాయ పొడి, చెంబుతో నీళ్లు తెచ్చి అందరినీ వాకిట్లోకి తోలాను. చేతులు కడుక్కుని ఎండలో ఆరబెట్టుకుంటూ నిలబడ్డారు.

ఆ ఖాళీలో అధికారి ముసలమ్మను అడిగాడు. "ఈ ఆఫీసు ఇక్కడ లేకపోతే ఏం చేస్తారమ్మా?"

"ఏం జేస్తాం సామీ. మా కూలి దుడ్లు ఆడనే ఉంటాయి, మేం ఈడనే ఉంటాం."

కోడలు ఇక ఉండబట్టలేక అనేసింది. "సార్, దాచేదేముండాది. మా రాబడి నా జీతానికి గూడా సాలదు."

"ఇలాంటి ఊళ్లలో చాలదమ్మా. ఆ లోటు ప్రభుత్వం పూడుస్తుంది. పూడ్చబట్టే దేశంలో ఇన్ని చిన్న పోస్టాఫీసులు నడుస్తున్నాయి. కాకపోతే ఆ డబ్బు ఊరికే ఇవ్వరు. వేళకు తెరుస్తున్నారా, వచ్చే జనం ఉన్నారా అని రాసుకుపోవడానికే నేను వచ్చింది."

"రాబడి సూడరా సార్?"

"చూస్తారు. అదొక్కటే చూడరు."

"ఆ మాట ముందే సెప్పింటే ఇంత నూనె ఖర్చు పెట్టేవాళ్లమా సామీ!" అంది వాకిట్లోంచి ఒకామె. అధికారి కూడా నవ్వాడు.

చేతులు ఆరాక మెషిను ఒక్కొక్కరి వేలూ పట్టింది. కొందరికి ఈ వేలు కాదంటే ఆ వేలు పెట్టాల్సి వచ్చింది. ఆయన చివరి మనిషి వెళ్లేదాకా లేవలేదు. మా ఇంట్లోనే సంగటి, ఊరుబిండి పచ్చడి తిని, మజ్జిగ తాగి వెళ్లాడు. ఉంచుతారా మూస్తారా అన్నది మాత్రం చెప్పలేదు. చెప్పే అధికారం తనది కాదన్నాడు.

తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. కోడలు వేళకు తలుపు తీసేది, వేళకు మూసేది. ఒకనాడు టపా సంచిలో కాగితం వచ్చింది. ఈ ఏడాదికి ఆఫీసు ఉంటుంది, వచ్చే ఏడాది మళ్లీ చూస్తారు. కోడలు గడపలోనే నిలబడి నాకు చదివి వినిపించింది.

మర్నాడు పొద్దున్నే పక్క వీధి అమ్మాయి చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. బిడ్డ పేరు మీద పొదుపు ఖాతా తెరవాలట.

"ఇన్నాళ్లూ రాలేదేమే?" అన్నాను.

"మూసేస్తే ఆ పుస్తకం పట్టుకోని నేను యాడికని పోవాలక్కా? ఉంటుందని తెలిసినాక వద్దామని ఆగినా" అంది.

కోడలు కుర్చీ జరిపి కూర్చోమని, బిడ్డ పేరు అడిగింది.