పాతసామాను కొట్లో మినీ కంప్యూటర్

రెండువేల నాలుగు ప్రాంతంలో నేను బాపట్లలో ఇంజనీరింగ్ విద్యార్థులకు కంప్యూటర్ల నిర్మాణం గురించి పాఠాలు చెప్పేదాన్ని. గదినిండా పట్టే పాతకాలపు యంత్రాల తర్వాత వచ్చిన మినీ కంప్యూటర్‌ను మాత్రం బొమ్మలో తప్ప చూడలేదు.

ల్యాబుకు పనికొచ్చే పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఏరుకుందామని ఒకసారి తెనాలిలో పాతసామాను కొట్టుకు వెళ్లాను. వెనక రేకుల షెడ్డులో బీరువా అంత పెట్టె కనిపించింది. ముఖాన పదహారు మీటలు, వాటి పైన చిన్న బల్బులు. తెర లేదు. నేను బొమ్మలో చూసిన మినీ కంప్యూటరే. ఏదో ప్రయోగశాల ఖాళీ చేస్తే వేలంలో వచ్చిందనీ, రాగి కోసం విప్పేస్తామనీ కొట్టు యజమాని చెప్పాడు. వారం ఆగమని బతిమాలితే ఒప్పుకున్నాడు.

మా కాలేజీలో ఒక మేడమ్ పెదనాన్న ఇలాంటి యంత్రం మీద పనిచేశారని తెలిసి, రైలెక్కి రేపల్లె వెళ్లాను. మీటల సంగతి చెప్పగానే ఆ పెద్దాయన వేళ్లు కుర్చీ చేతి మీద కదిలాయి.

"పెద్ద యంత్రాలకైతే లెక్క రాసిన కాగితాలు లోపలికిచ్చి, జవాబు కోసం కిటికీ దగ్గర నిలబడేవాళ్లమమ్మా. దీని ముందు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాం" అన్నారు.

చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద ప్రోగ్రాం ఉండేదట. ఆ టేపు ఎలా చదవాలో కూడా యంత్రానికి మొదట మనిషే మీటలు ఎత్తి, దించి నేర్పాలట. ఒకసారి నేర్పింది కరెంటు పోయినా మరిచిపోదన్నారు. అదెలాగని అడిగితే, చూపిస్తాను పదమని మర్నాడు నాతో తెనాలి వచ్చారు.

ఆయన పెట్టె విప్పి ఒక పలక బయటికి లాగారు. సన్నని తీగల వల. తీగలు కలిసిన ప్రతిచోటా ఆవగింజకన్నా చిన్న నల్లటి ఉంగరం. ఒక్కో ఉంగరంలో సున్నా గానీ ఒకటి గానీ ఒక్క అయస్కాంతపు గుర్తు, కరెంటు లేకపోయినా నిలుస్తుందని చెప్పారు. కొట్టు పక్కనే యజమాని ఇల్లు. గుమ్మంలో దుపట్టాకి పూసలు కుడుతున్న అతని తల్లి, ఆ పలక అడిగి తీసుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఇది మిషన్ పని కాదమ్మా. చేత్తో గుచ్చారు. ఎవరో ఆడమనిషే అయ్యుంటుంది."

పెద్దాయన అవునన్నారు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు భూతద్దాల కింద గుచ్చేవాళ్లని తానూ విన్నారట.

"అయితే ఇందులో ఇప్పుడేం ఉందండి?" అని అడిగిందామె.

"చివర్లో నడిపిన లెక్కేదో అలాగే ఉండి ఉంటుందమ్మా. చదవాలంటే యంత్రం నడవాలి."

నడిచే స్థితి లేదు. లోపలి తీగలు ఎలుకలు కొరికేశాయి. ఆమె కొడుకుతో ఏదో ఉర్దూలో చెప్పి, ఆ పలకను పాత గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. మిగతాదంతా ఆ వారంలోనే విప్పేశారు.

పలకను క్లాసుకు తీసుకెళ్లాను. భూతద్దంతో చూస్తూ ఒక అమ్మాయి వరసకు అరవై నాలుగు ఉంగరాలని లెక్కపెట్టింది. మధ్యలో ఒక్కటి పగిలితే గుచ్చేవాళ్లు ఏం చేసేవాళ్లని అడిగింది. నాకు తెలియదు. రేపల్లెకు ఫోన్ చేశాను, ఆయనకూ తెలియదు. అంత మంచి ప్రశ్న ఇన్నేళ్లలో తనకెందుకు తట్టలేదా అని మాత్రం ఆశ్చర్యపోయారు.